దేవమాలికి సెమిలిగూడ జీపు, ఊరి గైడు: ఏ నెలలో దేనికి డబ్బివ్వాలి

సాలూరు ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటితే సెమిలిగూడ వస్తుంది. 1,672 మీటర్ల దేవమాలికి, అంటే ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరానికి వెళ్ళేవాళ్ళు జీపు మాట్లాడుకునేది ఎక్కువగా ఇక్కడే. గైడు కావాలంటే కొండ కింది ఊళ్ళలో దారి తెలిసిన కుర్రాళ్ళు దొరుకుతారు. బోర్డు పెట్టిన ఆఫీసులూ రసీదులూ ఆశించొద్దు. ఒక బొలెరో, ఒక మనిషి, నోటిమాట. ఈ సమీక్ష ఆ రెండు సేవల గురించే.

జీపూ గైడూ కలిపి ఒకే రేటు చెప్పడం మామూలు. ఆ బేరానికి ఒప్పుకుంటే ఏడాదిలో చాలా నెలలు సగం డబ్బు దండగ. వానల్లో గైడుకు ఎంతిచ్చినా తక్కువే, జీపు మాత్రం కొండ కిందే ఆగిపోవాలి. చలికాలంలో జీపే ముఖ్యం, గైడు లేకపోయినా గడిచిపోతుంది. ఎండాకాలంలో ఈ రెండింటికీ పెట్టే డబ్బు ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

ఎందుకో తెలియాలంటే ముందు కొండ తీరు తెలియాలి. సెమిలిగూడ మెట్టే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పైకి ఇంకో ఏడొందల పైచిలుకు మీటర్లు. బండిదారి మలుపులు తిరుగుతూ శిఖరం దగ్గరిదాకా పోతుంది కాబట్టి నడక తప్పనిసరి కాదు, మన ఇష్టం. నడిచేవాళ్ళకు కింద పొలాలు, గెడ్డ (కొండవాగు), పొదలు తగులుతాయి. పైకి పోయేకొద్దీ వట్టి గడ్డి, గుండ్రటి బోడి తల. నీడకు చెట్టుండదు, గాలికి అడ్డుండదు, తాగడానికి చుక్క నీరుండదు. ఏ కాలంలో వచ్చే చిక్కైనా ఈ బోడితనం నుంచే వస్తుంది. ఓ మోస్తరుగా నడిచేవాళ్ళు ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి రెండు లెక్క వేసుకోవాలి. వానల్లో ఇంకో గంట కలపాలి.

జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా కొండ పూర్తిగా వేరు. ఇక్కడి ఎర్రమన్ను ఖొండలైట్ రాయి శిథిలమై ఏర్పడింది, బంక ఎక్కువ. తడిస్తే పది అడుగుల్లోనే బూటు అడుగున గాళ్ళన్నీ పూడిపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన బూటైనా నున్నటి చెప్పుతో సమానమే. గాళ్ళు కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల లోతుండి, ఒకదానికొకటి ఎడంగా ఉన్న బూట్లయితే నడకలోనే మట్టి రాలిపోతుంది. సన్న గాళ్ళ రన్నింగ్ షూలు పనికిరావు. జారేది ఎక్కువగా దిగేటప్పుడే. తడిగడ్డి పల్లం వైపు వాలి ఉంటుంది, దాని మీద మడమ ఆనిస్తే కాలు ముందుకు పోతుంది. మోకాళ్ళు కొంచెం వంచి, పాదం అడ్డంగా పెట్టి, చిన్న అడుగులతో దిగాలి. చేతికర్ర పల్లం వైపు ఉండాలి. గొడుగు తేవొద్దు, పైన గాలికి తిరగబడుతుంది. తల మీదుగా వేసుకునే పోంచో కూడా నడుం దగ్గర తాడుతో బిగించకపోతే మొహం మీదికి లేస్తుంది.

గైడు అవసరం పైన మొదలవుతుంది. వానాకాలంలో మనం పొగమంచు అనుకునేది అసలు మబ్బే. మబ్బు అడుగుభాగం శిఖరం కన్నా కిందికి దిగి కూర్చుంటుంది, కొన్ని రోజులు పగలంతా కదలదు. ఆ తెల్లదనంలో పది గజాల అవతల ఏముందో తెలియదు. గుండ్రటి తల మీద పశువులు తొక్కిన బాటలు అన్ని వైపులకూ పోతాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. పైన కొద్దిగా దిశ తప్పితే కింద తేలేది పక్క లోయలో. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అంటారు. సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. మ్యాప్ ముందే దించుకున్నా, తడి వేళ్ళకు తెర పలకదు. ఎక్కేటప్పుడు ట్రాక్ రికార్డు చేసుకుంటే మంచిదే. అది గైడుకు తోడు మాత్రమే.

గైడుకు పని తెలుసో లేదో ఒక్క ప్రశ్నతో తేలుతుంది. "బాబూ, పైన మబ్బు కమ్మితే ఎలా దిగుతాం?" అని అడగండి. "గెడ్డ పట్టుకుని దిగిపోదాం" అంటే ఇంకొకరిని చూసుకోండి. గెడ్డ కిందికే పోతుంది, నిజమే. మధ్యలో అది రాళ్ళ మీంచి దూకే చోట మనిషి దూకలేడు. గట్టు వెన్ను మీదే దిగుతామనీ, ఫలానా బండరాయి దగ్గర మలుపు తిరుగుతామనీ గుర్తులు చెప్పేవాడే గైడు. గెడ్డ దాటించడంలోనూ తేడా తెలుస్తుంది. నీళ్ళు మోకాలు దాటితే, లేదా ఉన్నట్టుండి ఎర్రబారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, పైన ఎక్కడో వాన పడుతోందన్నమాట. మంచి గైడు ఒడ్డునే కూర్చోబెడతాడు. ఇలాంటి చిన్న గెడ్డలు పొంగినంత వేగంగానే తగ్గుతాయి, వాన ఆగితే గంటా రెండు గంటల్లో దారిస్తాయి. తొందరపెట్టేది మనవాళ్ళే, బస్సు టైమవుతోందని.

జలగల గురించి భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి, సాక్సుల మీద ఉప్పునీళ్ళు లేదా పొగాకు నానబెట్టిన నీళ్ళు పట్టించాలి. పట్టుకుంటే అగ్గిపుల్లతో కాల్చొద్దు, గోరుతో పక్కకు తోస్తే ఊడుతుంది.

ఈ నెలల్లో జీపు పైదాకా ఎందుకొద్దంటున్నామంటే, తడిసిన నిటారు మలుపుల్లో బొలెరో వంటి బళ్ళకు వెనక చక్రాలే లాగాలి. వెనక బరువు లేకపోతే అవి ఉన్నచోటే తిరుగుతాయి. ముందు మబ్బు, పక్కన లోయ. ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి తీయాల్సిందే. పైగా ఇంత కష్టపడి ఎక్కితే పైన కనబడేది తెల్లటి గోడ. డ్రైవరు "పోదాం సార్" అంటాడు, అతని కిరాయి అతనిది. తప్పక పోవాల్సి వస్తే ముందు టైర్ల గాళ్ళు చూడండి. దిగేటప్పుడు మొదటి లేక రెండో గేరులో దింపుతున్నాడా, బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచుతున్నాడా గమనించండి. కాలిన వాసన వస్తే బండి ఆపించి పావుగంట చల్లారనివ్వాలి.

పిడుగు సంగతి వేరే చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య ఉరుముల వాన పట్టుకుంటుంది. చెట్టు లేని గడ్డితల మీద అన్నిటికన్నా ఎత్తున ఉండేది మనిషే. అందుకే ఈ నెలల్లో మధ్యాహ్నం పన్నెండుకల్లా శిఖరం వదిలేయాలన్నది బేరంలోనే ఖాయం చేసుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పైకి పోకూడదు. టవర్లు, కంచె తీగలు, ఒంటరి చెట్టు దగ్గర నిలబడొద్దు. ఇక్కడ జీపు నిజంగా పనికొస్తుంది, అయితే ఇనుప టాపు ఉండి, అద్దాలు ఎత్తి, లోపల ఇనుమును తాకకుండా కూర్చుంటేనే. గుడ్డ టాపు జీపు తడవకుండా కాపాడుతుంది, పిడుగు నుంచి కాదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తెచ్చిన, పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్‌ను సిగ్నల్ ఉన్నచోటే, బయల్దేరే ముందు చూసుకోవాలి.

దసరా సెలవులకు ముందే అడ్వాన్సు కట్టేసేవాళ్ళకు ఒక మాట. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. సెలవులూ తుపాన్లూ ఒకే వారంలో పడటం ఈ ప్రాంతానికి మామూలే. తిత్లీ అప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. వాన తగ్గాక కూడా నానిన వాలు రెండు మూడు రోజులు నమ్మదగ్గది కాదు, లోపలి నీరు దిగేదాకా మట్టి బరువుగానే ఉంటుంది. అందుకని వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే అడ్వాన్సు తిరిగివ్వాలని ముందే ఒప్పించుకోవాలి. ఈ ఒక్క షరతుకు ఒప్పుకోని జీపు ఎంత చౌకైనా మేం సిఫారసు చేయం.

అక్టోబరు చివరి వారం దాటి ఆకాశం తెరిపిచ్చిందంటే, నవంబరంతా నడకకు మంచి కాలం. నేల గట్టిపడుతుంది, గెడ్డలో నీళ్ళు పాదం ముంచేంతే, గాలిలో దుమ్ము ఇంకా లేవదు, కింది పొలాల్లో వలిసెలు పసుపచ్చగా పూసి ఉంటాయి. గడ్డి మాత్రం అప్పటికి బాగా ఎదుగుతుంది. బాట మీద రాళ్ళను దాచేస్తుంది, దాని ముళ్ళగింజలు సాక్సుల్లో దిగి గుచ్చుతాయి. పిక్కలకు గేటర్లు, అంటే బూటు పైనుంచి పిక్క దాకా కప్పే తొడుగులు, కట్టుకోవడం మేలు. ఆ గడ్డిలో ఒట్టి ఒంటితో పడుకోవడం, నేల మీద బట్టలు ఆరేయడం వద్దు, స్క్రబ్ టైఫస్ జ్వరం తెచ్చే సన్నటి పురుగులు (చిగ్గర్ మైట్లు) అక్కడే ఉంటాయి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి పొక్కు కనబడినా, కొండకు వెళ్ళొచ్చిన మాట డాక్టరుకు చెప్పండి. మలేరియా పరీక్ష కూడా అడగండి. కోరాపుట్ కొండలకు ఆ చరిత్ర ఉంది.

డిసెంబరు, జనవరి జీపువి. జనం వచ్చేది సూర్యోదయానికి, లోయల్లో నిండే మంచు చూడటానికి. డిసెంబరు మొదట్లో సూర్యుడు 6:15 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో వస్తాడు. తూర్పు తెల్లబడేది అంతకు ముప్పావుగంట ముందే, కాబట్టి అయిదున్నరకల్లా పైన ఉండాలి. జీపు వాళ్ళ మీద వినబడే పెద్ద ఫిర్యాదు ఇక్కడే, నాలుగన్నవాడు అయిదుకొస్తాడు. రాత్రి డ్రైవరు ఎక్కడ పడుకుంటాడో అడగండి. మీ లాడ్జి ఉన్న ఊళ్ళోనే పడుకునేవాడిని ఎంచుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

మంచు కడలి రోజూ రాదు. ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల వేడి పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి, అక్కడి తేమను మంచుగా మారుస్తుంది. మబ్బు పట్టిన రాత్రి నేల అంతగా చల్లబడదు, గాలి వీస్తే మంచు కట్టదు. రాత్రి తొమ్మిదికి బయటికొచ్చి చూడండి. చుక్కలు కనబడుతూ, ఆకు కదలకుండా ఉంటే బండి ఖాయం చేసుకోవచ్చు. మబ్బో గాలో ఉంటే డ్రైవరుకు ఫోన్ చేసి ఒక రోజు వాయిదా వేయండి. ఈ వాయిదాకు ఒప్పుకునే జీపుకు కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఎండ ఎక్కాక ఎనిమిది, తొమ్మిది మధ్య అంతా కరిగిపోతుంది.

ఈ మెట్ట మీద ఉష్ణోగ్రత ఆ రోజుల్లో పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, పైన గాలి తోడైతే ఇంకా కోస్తుంది. సాలూరు చలికి తెచ్చుకున్న శాలువా చాలదు. లోపల నూలు బనీను కాకుండా చెమట పట్టని సింథటిక్ బనీను, మధ్యన ఉన్ని, పైన గాలి చొరని జాకెట్, చెవులు కప్పే టోపీ కావాలి. నూలు చెమటకు తడిసి ఒంటికి అంటుకుని, ఆగగానే వణికిస్తుంది. నడిచి దిగాలనుకుంటే తొమ్మిది దాకా ఆగండి, మంచుతడి ఆరని గడ్డి వానలోలాగే జారుతుంది. జనవరి ఒకటిన మాత్రం వద్దు. ఆ రోజు పైన కొండ కన్నా బళ్ళే ఎక్కువ కనబడతాయి.

మార్చి నుంచి మే దాకా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పోడు మంటల పొగ, దుమ్ము వల్ల దూరం కనబడదు. గట్టినేల మీద సన్నరాళ్ళు కాలి కింద గోళీల్లా దొర్లుతాయి. ఎండుగడ్డికి నిప్పంటుకుంటే మంట గాలివాటున వాలు ఎగువకే పరుగెడుతుంది, పక్కకు తప్పుకోవాలి తప్ప పైకి ఉరకకూడదు. సాలూరు కన్నా పది డిగ్రీలు తక్కువే గానీ నీడ లేదు కదా. తప్పదంటే తెల్లవారుజామునే ఎక్కి తొమ్మిదికల్లా దిగండి, మనిషికి మూడు లీటర్ల పైన నీళ్ళు, లీటరుకొక ఓఆర్ఎస్ ప్యాకెట్ పెట్టుకోండి. చలికాలంలోనైతే రెండు లీటర్లు చాలు.

భాషతో ఇబ్బంది లేదు. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా ఏజెన్సీయే. సెమిలిగూడ, జయపురం బజార్లలో తెలుగు నడుస్తుంది. కొండ కింది ఊళ్ళలో అందరికీ ఉమ్మడి మాట దేశియ ఒడియా. తెలుగు రాని గైడైతే మలుపులు, గెడ్డ, వాపసు టైము కాగితం మీద గీసి చూపించమనండి. గైడు డబ్బు డ్రైవరుకు కాకుండా అతని చేతికే ఇవ్వండి. వెయిటింగ్ ఛార్జీ గంటకెంతో, డ్రైవరు భోజనం ఎవరిదో, మబ్బు వల్ల మధ్యలోంచే తిరిగొస్తే కిరాయిలో ఎంత తగ్గిస్తారో బండి ఎక్కకముందే తేల్చుకోవాలి.

రైల్లో వచ్చేవాళ్ళు జాగ్రత్త. కొత్తవలస–కిరండూల్ లైన్లో శిమిలిగూడ అని ఒక స్టేషన్ ఉంది. అది బొర్రా, అరకు మధ్యన ఆంధ్రలోనే ఉంది. ఈ సెమిలిగూడ పట్నానికీ దానికీ సంబంధం లేదు. మీరు దిగాల్సింది దామన్‌జోడి లేదా కోరాపుట్.