కొండ పొట్టేలు వేటకు టిక్కా టీ3ఎక్స్ లైట్: ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది

అలాస్కా రేంజ్‌లోనో బ్రూక్స్ రేంజ్‌లోనో డాల్ పొట్టేలు (అక్కడి తెల్లటి అడవి గొర్రె) వేటంటే పది రోజుల నడక, వీపున యాభై పౌండ్ల మూట, చివర్లో ఒకటో రెండో తూటాలు. తుపాకీ తేలిగ్గా ఉండాలి, తడిసినా గురి తప్పకూడదు, 400 గజాల్లో నమ్మకంగా కొట్టాలి. ఈ మూడూ ఉన్న తుపాకీ కావాలంటే మూడు వేల డాలర్లు పోయాలని దుకాణాల్లో చెబుతారు. దాదాపు 800 నుంచి 1000 డాలర్లకు దొరికే టిక్కా టీ3ఎక్స్ లైట్‌లో మూడూ ఉన్నాయి, కొన్ని చిరాకులతో కలిపి.

తయారీ ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో, సాకో ఫ్యాక్టరీలో. టీ3 2003లో వచ్చింది, దాన్ని సరిదిద్దిన టీ3ఎక్స్ 2016లో. ఆ సరిదిద్దడంలో ముఖ్యమైనది బయటికి కనబడదు: పాతదాంట్లో స్టాక్‌లో (భుజానికి ఆనించే దిమ్మలో) కూర్చుని తుపాకీ తన్నును ఆపే రీకాయిల్ లగ్ అల్యూమినియంది, కొత్తదాంట్లో ఉక్కుది. పాత టీ3 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే, స్టాక్ విప్పి ఆ లగ్ నొక్కుకుపోయిందేమో చూసి మరీ బేరమాడండి.

ఖాళీ తుపాకీ ఆరున్నర పౌండ్లు. స్కోప్ (గురి చూసే దుర్భిణి), దాన్ని బిగించే రింగులు, భుజాన వేలాడే స్లింగ్ పట్టీ, మూడు తూటాలు కలిపితే ఎనిమిది పౌండ్ల దగ్గర ఆగుతుంది. ఇంకో పౌండు తగ్గించాలనుకుంటే టైటానియం యాక్షన్, కార్బన్ స్టాక్ తుపాకులున్నాయి, ధర మూడింతలు దాటుతుంది. పైగా తుపాకీ మరీ తేలికైతే ఎగశ్వాసతో ఉన్నప్పుడు గొట్టం ఒకచోట నిలవదు. ఎనిమిది పౌండ్లు మోయగలిగిన బరువే, గురి నిలిపే బరువు కూడా.

ఇక గురి. వంద గజాల్లో మూడు తూటాలు ఒక ఎంఓఏలో (తూటాలు ఎంత చెదురుతాయో చెప్పే కోణపు కొలత) పడతాయని కంపెనీ హామీ. వంద గజాలకు అది అంగుళానికి కాస్త ఎక్కువ, 400 గజాల్లో నాలుగు అంగుళాల పైచిలుకు. పొట్టేలు గుండె, ఊపిరితిత్తుల భాగం ఎనిమిది, తొమ్మిది అంగుళాల వెడల్పు. అంటే హామీ ఇచ్చినంత గురి చాలు. అర ఎంఓఏ తుపాకీ కొన్నా 400 దగ్గర మీకు కలిసొచ్చేది కేంద్రం నుంచి ఒక్కో వైపుకు ఒక్క అంగుళం. గాలి సంగతి చూడండి: 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా రకంలో 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) ఈఎల్‌డీ-ఎక్స్ తూటాను గంటకు పది మైళ్ల అడ్డగాలి అదే 400 గజాల్లో సుమారు పది అంగుళాలు పక్కకు నెడుతుంది. గాలిని అయిదు మైళ్లు తప్పుగా అంచనా వేస్తే అయిదు అంగుళాలు పోయినట్టే. లోయ అవతల గాలి ఒక వైపు, మీ చెంప మీద మరో వైపు వీచే చోట అయిదు మైళ్ల పొరపాటు మామూలే. అందుకే గురి కోసం రెండు వేల డాలర్లు అదనంగా పెట్టేకన్నా, ఆ డబ్బుతో తూటాలు కొని గాలి ఉన్న రోజుల్లో సాధన చేయడం మేలు.

ఒక హెచ్చరిక. మూడు తూటాలు దగ్గరదగ్గరగా పడిన గ్రూప్ చూసి మురిసిపోకండి. చల్లబరుస్తూ పది కాల్చి చూడండి, నిజమైన వెడల్పు అప్పుడు తెలుస్తుంది. ఈ తుపాకీ గొట్టం సన్నం. గబగబా కాలిస్తే వేడెక్కి గ్రూప్ విచ్చుకోవడం మొదలవుతుంది. వేటలో అది అడ్డు కాదు, కాల్పుల సాధన చేసే రేంజ్‌లో మాత్రం ఓపిక కావాలి. చల్లటి గొట్టంలోంచి వచ్చే మొదటి తూటా ఎక్కడ పడుతుందో వారానికొకటి చొప్పున ఒకే కాగితం మీద రాసి ఉంచుకోండి. కొండ మీద మీకు పనికొచ్చే లెక్క అదే.

ఏ క్యాలిబర్ (తూటా రకం)? 6.5 క్రీడ్‌మోర్ గానీ .270 విన్‌చెస్టర్ గానీ. .270 1925 నాటిది, వేట రచయిత జాక్ ఓకానర్ దాంతోనే పొట్టేళ్లను వేటాడి దానికి పేరు తెచ్చాడు. 130 గ్రెయిన్ల తూటా సెకనుకు మూడు వేల అడుగులకు పైగా వెళ్తుంది కాబట్టి 300 గజాల లోపు దూరం కాస్త తప్పుగా చూసినా మన్నిస్తుంది. 6.5 నెమ్మది, కానీ పొడవాటి తూటా, లోపలి గాడులు ఎనిమిది అంగుళాలకో చుట్టు తిరిగే గొట్టం, గాలికి తక్కువ లొంగుతుంది, భుజానికి తన్నూ తక్కువే. 200 గజాలకు జీరో చేస్తే (గురి పెట్టినచోటే తూటా పడేలా సర్దితే) 300లో సుమారు ఎనిమిది అంగుళాలు, 400లో 22, 500లో 45 అంగుళాలు కిందికి దిగుతుంది. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ మాత్రం ఈ తుపాకీలో వద్దు. ఇంత తేలిక తుపాకీలో తన్ను 6.5కి రెట్టింపు ఉంటుంది. నాలుగు తూటాలయ్యేసరికి కాల్చేవాడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు. ముదురు పొట్టేలు కూడా మూడు వందల పౌండ్ల లోపే, దానికి అంత బలమైన తూటా అక్కర్లేదు.

ట్రిగ్గర్ గురించి గొప్పగా చెప్పుకోవాల్సిందే. అలెన్ కీతో కిలో నుంచి రెండు కిలోల మధ్య సర్దుకోవచ్చు, సాగకుండా గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. మరీ కిందికి దించకండి, చలికి మొద్దుబారిన వేలికి మూడు పౌండ్ల దగ్గర పెట్టుకోవడం క్షేమం. తూటా ఎక్కించే బోల్ట్ పిడి 70 డిగ్రీలే లేస్తుంది, చేతి తొడుగులతో కూడా స్కోప్‌కి తగలదు.

ఇప్పుడు చిరాకులు. ప్లాస్టిక్ స్టాక్ బోలుగా ఉంటుంది, రాయికి తగిలితే డప్పులా మోగుతుంది. టీ3ఎక్స్‌లో లోపల ఫోమ్ ముక్క పెట్టారు, మోత తగ్గింది, పోలేదు. మ్యాగజైన్‌లో తూటాలు ఒకే వరసలో ఉంటాయి, పైనుంచి నొక్కి నింపడం కుదరదు, బయటికి తీయాల్సిందే. అది జారి రాళ్ల మధ్య పడిపోతే మీ చేతిలో ఉన్నది ఒక్క తూటా తుపాకీ. విడి మ్యాగజైన్ ధర చూస్తే ఒళ్లు మండుతుంది, అయినా ఒకటి కొని సంచీలో వేసుకోండి. సేఫ్టీకి రెండే స్థానాలు. వేసినప్పుడు బోల్ట్ కూడా బిగుసుకుంటుంది, ఛాంబర్ ఖాళీ చేయాలంటే సేఫ్టీ తీయక తప్పదు, అప్పుడు గొట్టం ఎటు చూస్తోందో గమనించండి. నల్లపూత రకం వారం రోజుల వానకు తుప్పు పడుతుంది, వంద డాలర్లు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ తీసుకోండి. గొట్టం మూతికి ఇన్సులేషన్ టేపు ముక్క చుడితే మంచు, బురద లోపలికి పోవు, కాల్చేముందు తీయనక్కర్లేదు.

గురి తప్పిందని తుపాకీని తిట్టేవాళ్లలో చాలామందిది స్కోప్ బిగింపు తప్పు. రిసీవర్ (బోల్ట్ కూర్చునే లోహపు భాగం) మీదే రింగులు పట్టుకునే 17 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ పట్టా ఉంది, రీకాయిల్ పిన్ ఉన్న రింగులు తీసుకుని పిన్‌ని రిసీవర్ రంధ్రంలో కూర్చోబెట్టండి. లేకపోతే ఒక్కో తన్నుకీ స్కోప్ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. రింగు మూతల స్క్రూలు 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు, అంతకుమించి బిగిస్తే స్కోప్ గొట్టం నలుగుతుంది. స్టాక్ స్క్రూలు మాన్యువల్‌లో చెప్పినంత, టార్క్ రెంచ్‌తోనే, చేతి అంచనాతో కాదు. స్కోప్‌కి లూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ 4.5-14x40 బరువు పౌండు లోపే, దూరానికి తిప్పుకునే డయల్ ఉంది. అంత పెట్టలేకపోతే ఆరురెట్ల స్థిర స్కోప్ ఏదైనా మంచిది చూసుకోండి. చవక తుపాకీ మీద మంచి స్కోప్ పనిచేస్తుంది, మంచి తుపాకీ మీద చవక స్కోప్ పనిచేయదు.

వాలు మీద కాల్చేటప్పుడు రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) చూపే దూరం నేరుగా వాడకండి. ముప్పై డిగ్రీల వాలులో 400 గజాలంటే తూటాకి 346 గజాల లెక్కే. ఇది మరిస్తే తూటా పొట్టేలు వీపు మీదుగా పోతుంది. కోణం చూసి సరిచేసే రేంజ్‌ఫైండర్ అయితే ఆ బాధ లేదు.

విమానంలో తుపాకీ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి పంపాలి. దిగాక కొండెక్కేముందు మూడు తూటాలతో జీరో సరిచూడండి, ఇందులో బద్ధకించి పాతిక వేల డాలర్ల వేట పోగొట్టుకోవద్దు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట: హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. అక్కడ జారీ అయిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కొనేముందే అది చేతిలో ఉండాలి. అలాస్కాలో బయటి రాష్ట్రాల వాళ్లు డాల్ వేటకు లైసెన్సున్న గైడ్‌ని గానీ, అక్కడే స్థిరపడిన దగ్గరి బంధువును గానీ వెంటబెట్టుకోవాలి. పొట్టేలు కూడా ఏది పడితే అది కాదు. కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ములూ విరిగి ఉండాలి, లేదా ఎనిమిదేళ్లు నిండాలి. అందుకే తుపాకీ స్కోప్‌తో కొమ్ములు పరిశీలించే పని పెట్టుకోకుండా, మిగిలిన డబ్బుతో ఒక స్పాటింగ్ స్కోప్ (విడిగా వాడే చిన్న టెలిస్కోప్) కొనండి.