రోల్‌బ్యాక్ కోసం పోస్ట్‌గ్రెస్‌కి వచ్చాను, తొమ్మిదేళ్లయింది

ఏ డేటాబేస్ సెకనుకి ఎన్ని క్వెరీలు లాగుతుంది, దేనికి ఎన్ని డేటా టైపులున్నాయి లాంటి పోలికలు ఇక్కడ రాయను. అవి ఎక్కడ చూసినా ఉన్నాయి, నా పనిలో అవి ఎప్పుడూ తేల్చింది కూడా లేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద ఆరేళ్లు చేశాను, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ మీద తొమ్మిదేళ్లు దాటింది. మారింది ఒకే ఒక్క కారణానికి. పోస్ట్‌గ్రెస్‌లో బిగిన్ అని ఒక ట్రాన్సాక్షన్ (అన్నీ ఖాయం కావాలి, లేదా ఏదీ కాకూడదు అనే మూట) మొదలుపెట్టి, టేబుల్‌కి ఒక కాలమ్ తగిలించి, ఇంకో కాలమ్ పీకేసి, పక్కనున్న టేబుల్‌ని ఏకంగా డ్రాప్ చేసి, చివర్లో రోల్‌బ్యాక్, అంటే అంతా వెనక్కి తిప్పు, అన్నామనుకోండి, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాక మూడుసార్లు చేసి చూశాను.

ఇందులో అంత మురిసిపోవడానికేముంది అనుకునేవాళ్లకి 2016లో ఒక రాత్రి సంగతి చెప్పాలి. అప్పుడు మాది మైఎస్‌క్యూఎల్ 5.6. పధ్నాలుగు స్టేట్‌మెంట్ల మైగ్రేషన్ ఫైలు, అంటే టేబుళ్ల ఆకారం (స్కీమా) మార్చే ఆదేశాల జాబితా, రాసింది నేనే. పైన స్టార్ట్ ట్రాన్సాక్షన్, కింద కమిట్ (ఖాయం చేయి), పద్ధతిగా పెట్టాను. తొమ్మిదో స్టేట్‌మెంట్ ఒక యూనిక్ కీ, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న షరతు, పెట్టేది. ప్రొడక్షన్‌లో (జనం వాడే అసలు సర్వర్‌లో) డూప్లికేట్లున్నాయి, అది ఆగిపోయింది. సరే, వెనక్కి వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుని డూప్లికేట్లు తీసేసి మళ్లీ నడిపాను. మొదటి స్టేట్‌మెంట్ దగ్గరే ఎర్రర్: ఆ కాలమ్ ఇప్పటికే ఉంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్, క్రియేట్, డ్రాప్ లాంటిది ఏదొచ్చినా అప్పటిదాకా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ చడీచప్పుడు లేకుండా కమిట్ అయిపోతుంది. మాన్యువల్‌లో ఈ ముక్క స్పష్టంగా రాసే ఉంది, చదవకపోవడం నా తప్పు. నేను పైనా కిందా పెట్టిన ఆ రెండు లైన్లు ఉత్త అలంకారాలు. ఎనిమిది మార్పులు ఖాయమైపోయాయి, ఆరు మిగిలాయి. పాత కోడ్‌కి ఆ టేబుళ్లు పనికిరావు, కొత్త కోడ్‌కి చాలవు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ నా పరిస్థితి. ఆ ఎనిమిదిలో ఒకటి డ్రాప్ కాలమ్ కూడా. దాని కోసం సాయంత్రం తీసిన డంప్‌ని (బ్యాకప్ కాపీని) వేరే సర్వర్‌లో ఎక్కించి, ఆ ఒక్క కాలమ్ విలువల్ని ఐడీ ప్రకారం తెచ్చి అతికించేసరికి తెల్లారింది. డంప్‌కీ మైగ్రేషన్‌కీ మధ్య నాలుగు గంటల్లో జనం రాసుకున్నవి పోయాయి. ఆ విషయం మర్నాడు మెయిల్‌లో ఒప్పుకోవాల్సి వచ్చింది.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0లో అటామిక్ డీడీఎల్ (డీడీఎల్ అంటే టేబుళ్లని మార్చే ఆదేశాలు) అని ఒకటుంది, దాంతో ఈ గొడవ తీరిపోయిందని కొందరంటారు. తీరలేదు. అది ఒక స్టేట్‌మెంట్ నడుస్తుండగా సర్వర్ కూలితే ఆ స్టేట్‌మెంట్ సగంలో మిగలకుండా చూస్తుంది. మంచిదే. పధ్నాలుగింటిని ఒక మూటగా కట్టడం మాత్రం ఇప్పటికీ కుదరదు. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మరియాడీబీదీ ఇదే దారి. తమాషా ఏంటంటే, ఒక్క ఫైల్లో ఒదిగిపోయే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కి ఇది మొదటినుంచీ వచ్చు. అక్కడ టేబుల్ మార్పుల్ని కూడా రోల్‌బ్యాక్ చేసుకోవచ్చు, కాకపోతే మార్చగలిగేవే తక్కువ. డ్రాప్ కాలమ్ కూడా 2021లో గానీ రాలేదు.

2016 చివర్లోనే పోస్ట్‌గ్రెస్ 9.6కి మారిపోయాం. తర్వాత ఎన్ని మైగ్రేషన్లు మధ్యలో ఆగిపోయాయో లెక్క పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం రాలేదు కాబట్టి. ఫెయిలైతే ఏమీ కాదు. తప్పు దిద్దుకుని మళ్లీ నడపడమే. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా భయం లేకుండా స్కీమా మార్చడం మొదలుపెట్టారు. చిన్న చిన్న టేబుళ్ల మీద ఏదైనా అనుమానం ఉంటే బిగిన్ కొట్టి, మార్చి చూసి, క్వెరీ ప్లాన్ (డేటాబేస్ ఏ దారిన వెతుకుతుందో) ఎలా వస్తుందో చూసుకుని, రోల్‌బ్యాక్ కొట్టి బయటికొచ్చేవాళ్లం. ఇంత ధీమా ఇంకే సాఫ్ట్‌వేర్ మీదా నాకు కుదరలేదు.

ఆ ధీమాయే 2020లో ముంచింది.

ఆర్డర్ల టేబుల్‌కి ఒక కొత్త కాలమ్ కావాలి. నాలుగు కోట్ల వరుసలు, 18 జీబీ. నేను రాసింది ఇదీ: కాలమ్ చేర్చు, పాత వరుసలన్నిటికీ విలువ నింపు, ఆపైన నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదన్న షరతు) పెట్టు. మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. ఏది తేడా కొట్టినా వెనక్కి వచ్చేస్తుంది కదా, ఇంకేం కావాలి? టెస్ట్ కాపీలో లక్ష వరుసల మీద మూడు సెకన్లలో అయిపోయింది. అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరన్న సంగతి నాకు తట్టలేదు.

ప్రొడక్షన్‌లో కాలమ్ చేర్చడం కూడా క్షణంలోనే అయింది. కానీ ఆల్టర్ టేబుల్ తీసుకునే లాక్ (ఇతరుల్ని ఆపే తాళం) అన్నిటికన్నా గట్టిది, దాని ముందు మామూలు సెలెక్ట్ (చదివే క్వెరీ) కూడా ఆగాల్సిందే. ఆ లాక్ ఆల్టర్ అయిపోగానే వదలదు, కమిట్ దాకా పట్టుకునే ఉంటుంది. మొత్తాన్నీ వెనక్కి తిప్పగలగాలంటే అలా పట్టుకోక తప్పదు మరి. నేను మురిసిపోతున్న సౌకర్యానికి కట్టే ధర అదే, ఆ రోజు దాకా బిల్లు రాలేదంతే. క్షణంలో అయిన ఆల్టర్ వెనకాల నాలుగు కోట్ల వరుసల అప్‌డేట్ నడుస్తోంది. ఆ సేపంతా ఆర్డర్ల టేబుల్‌ని చదవడానికి వచ్చిన ప్రతి క్వెరీ గుమ్మం దగ్గరే నిలబడింది.

నిలబడ్డ క్వెరీ ఒక్కొక్కటీ ఒక కనెక్షన్‌ని పట్టుకుని ఉంటుంది. మాకు అప్పుడు డిఫాల్టే, 100 కనెక్షన్లు. రెండు నిమిషాల్లో నిండిపోయాయి. ఆ తర్వాత ఆర్డర్లతో సంబంధం లేని పేజీలు కూడా రాలేదు, లాగిన్ సహా. లాగ్ నిండా, మిగిలిన కనెక్షన్లు సూపర్‌యూజర్‌కే (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కే) అన్న మాట, మధ్యమధ్యలో ఇంకోటి: సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ. కూలిపోతూ కూడా క్షమాపణ చెప్పే డేటాబేస్‌ని ఇదొక్కదాన్నే చూశాను.

నాకు మొదట సర్వరే పోయిందేమో అనిపించింది. మైగ్రేషన్ విండోలో ఎర్రర్ ఏమీ లేదు, కర్సర్ మెరుస్తోంది, కాబట్టి అది బాగానే నడుస్తోందనుకున్నాను. నిజానికి అప్పుడు బాగా నడుస్తున్నది అదొక్కటే. సూపర్‌యూజర్ కోసం మూడు కనెక్షన్లు విడిగా అట్టేపెట్టి ఉంచుతుంది పోస్ట్‌గ్రెస్. మా అప్లికేషన్ మామూలు యూజర్‌తో కనెక్ట్ అయ్యేది కాబట్టి ఆ మూడూ మిగిలాయి. లేకపోతే సర్వర్‌ని బలవంతంగా ఆపాల్సి వచ్చేది. లోపలికెళ్లి పీజీ స్టాట్ యాక్టివిటీ (ఏ సెషన్ ఏం చేస్తోందో చూపేది) చూస్తే తొంభైకి పైగా సెషన్లు లాక్ కోసం ఆగి ఉన్నాయి, వాటన్నిటికీ పైన నా మైగ్రేషన్. దాన్ని క్యాన్సిల్ చేశాను. అప్పటికి పదకొండు నిమిషాలు.

రోల్‌బ్యాక్ మాత్రం రెప్పపాటులో అయిపోయింది. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ స్టోరేజ్ ఇంజిన్‌లో అయితే మార్చిన వరుసలన్నిటినీ ఒక్కొక్కటిగా పాత విలువకి తిప్పాలి, దానికి మార్చినంత సేపో ఇంకా ఎక్కువో పడుతుంది. ఇక్కడ అలా కాదు, పాత వరుసలు కదలకుండా ఉన్నచోటే ఉంటాయి. చూశారా, అందుకే పోస్ట్‌గ్రెస్ అని ఆ హడావుడిలో కూడా పక్కనున్నతనితో అన్నాను.

ఆ మాట మర్నాడు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. టేబుల్ 24 జీబీ అయి కూర్చుంది, ఇండెక్సులూ (త్వరగా వెతికే సూచికలూ) ఉబ్బాయి. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరుస పక్కన కొత్త వరుస రాయడం. రోల్‌బ్యాక్ చేస్తే ఆ కొత్తవి చెల్లకుండా పోతాయి గానీ డిస్క్ మీంచి లేచి వెళ్లవు. నేను క్యాన్సిల్ చేసేసరికి సుమారు కోటీ ముప్ఫై లక్షల వరుసలు అలా రాసేసి ఉన్నాను. ఏమీ జరగనట్టే అంతా వెనక్కి వస్తుందని పైన ఊరించాను కదా, డేటా విషయంలో అది నిజం, డిస్క్ విషయంలో కాదు.

చెల్లని వరుసల్ని తనంతట తాను ఊడ్చే ఆటోవాక్యూమ్ తర్వాత ఎప్పుడో వచ్చి ఆ చోటుని మళ్లీ వాడుకునేలా చేసింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రం తిరిగివ్వలేదు. ఫైలు చివరి పేజీలు పూర్తిగా ఖాళీ అయితే వాక్యూమ్ వాటిని కత్తిరించగలదు, కానీ ఈలోపల సైట్ లేచింది, కొత్త ఆర్డర్లు వచ్చి సరిగ్గా ఆ చివర్లోనే కూర్చున్నాయి. టేబుల్‌ని మొత్తం తిరిగి రాసే వాక్యూమ్ ఫుల్ నడుపుదామంటే దానికీ అదే గట్టి లాక్ కావాలి, పైగా టేబుల్ కాపీకి సరిపడా డిస్క్ ఖాళీ ఉండాలి. చివరికి పీజీ రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో, రద్దీ లేని వేళ చూసుకుని, టేబుల్ సైజు తగ్గించాం.

ఇప్పుడు పెద్ద టేబుళ్ల మీద పని ఇలా చేస్తాం. నల్ ఒప్పుకునేలా కాలమ్ చేర్చి వెంటనే కమిట్. అయిదేసి వేల వరుసలు నింపుతూ, ప్రతిసారీ కమిట్. తర్వాత నల్ కాకూడదని ఒక చెక్ కన్‌స్ట్రెయింట్‌ని (షరతుని) నాట్ వ్యాలిడ్‌గా, అంటే పాత వరుసల్ని అప్పుడే పరీక్షించకుండా, పెట్టి, దాన్ని విడిగా వ్యాలిడేట్ చేయడం (అవీ సరిపోతాయో చూడడం). వ్యాలిడేట్ చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. 12వ వెర్షన్ నుంచి ఆ చెక్ ఉంటే నాట్ నల్ పెట్టేటప్పుడు టేబుల్ మొత్తాన్నీ మళ్లీ చదవదు. ఇండెక్స్ అయితే కంకరెంట్లీతో (రాతల్ని ఆపకుండా) కట్టాలి, అది ట్రాన్సాక్షన్ లోపల నడవనే నడవదు. మధ్యలో ఫెయిలైతే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, మనమే వెళ్లి తీసేయాలి.

అంటే ఏమైంది? సగంలో ఆగితే సగమే మిగిలే పద్ధతికే తిరిగి వచ్చాను. 2016లో ఆ రాత్రి దేన్ని తిట్టుకున్నానో, పెద్ద టేబుళ్ల దగ్గర ఇప్పుడు దాన్నే క్రమశిక్షణ అంటున్నాను. ఒకే మూటగా కట్టే సుఖం మా చిన్న, మధ్యరకం టేబుళ్లకే మిగిలింది. మా దగ్గర అవే ఎక్కువ కాబట్టి నాకిప్పటికీ గిట్టుబాటే. అంతా పెద్ద టేబుళ్లే ఉన్నవాళ్లకి ఈ ఫీచర్ చూపించి పోస్ట్‌గ్రెస్ అంటగట్టడం అన్యాయం. పెద్ద టేబుల్‌ని నడుస్తుండగానే మార్చడానికి మైఎస్‌క్యూఎల్ వైపు ఘోస్ట్ (gh-ost) లాంటి పనిముట్లు బాగా నలిగి ఉన్నాయి. ఎంతసేపు ఆగాలన్న విషయంలో మాత్రం రెండూ రెండే: మెటాడేటా లాక్ (టేబుల్ ఆకారం మీద పట్టే తాళం) కోసం మైఎస్‌క్యూఎల్ ఆగే డిఫాల్ట్ గడువు 3,15,36,000 సెకన్లు, అంటే అక్షరాలా ఏడాది. పోస్ట్‌గ్రెస్ లాక్ టైమౌట్ డిఫాల్ట్ సున్నా, అంటే అసలు గడువే లేదు. మా మైగ్రేషన్ ఫైళ్లన్నిటిలో మొదటి లైను ఇప్పుడు దాన్ని మూడు సెకన్లకి కుదించేదే.

మిగతా ఫిర్యాదులు చిన్నవి. కనెక్షన్‌కి ఒక ప్రాసెస్ కావడంతో కనెక్షన్లని పంచిపెట్టే పీజీబౌన్సర్ లేకుండా మాకు గడవదు, మైఎస్‌క్యూఎల్‌తో ఆ ఊసే రాలేదు. పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా స్టాటిస్టిక్స్ (ప్లాన్ వేయడానికి వాడే లెక్కలు) పోయి, అనలైజ్ వాటిని మళ్లీ తీసేదాకా క్వెరీలు మొరాయించేవి. 2025లో వచ్చిన 18లో వాటిని వెంట తీసుకెళ్లే ఏర్పాటు చేశారు, ఇన్నేళ్లకి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: లినక్స్ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28లో అక్షరక్రమం మారింది, దాన్ని దాటితే టెక్స్ట్ ఇండెక్సులు మళ్లీ కట్టుకోవాల్సిందే. మేం ముందే చదివి చేసుకున్నాం, అందుకే దీని మీద చెప్పడానికి నా దగ్గర కథేమీ లేదు.

పాత మైఎస్‌క్యూఎల్ మీద ఉన్న ఒక కోపం అయితే చల్లారింది. అందులో యూటీఎఫ్8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) అంటే అక్షరానికి మూడు బైట్లే. తెలుగు అక్షరాలకి సరిగ్గా మూడు బైట్లు చాలు కాబట్టి ఏళ్లతరబడి మాకు తేడా తెలియలేదు, నాలుగు బైట్ల ఎమోజీలు వచ్చాకే బయటపడింది. 8.0 నుంచి నాలుగు బైట్లదే డిఫాల్ట్.

ఎవరైనా అడిగితే ఏం చెబుతానంటే, నలుగురైదుగురు టీమ్, వారం వారం స్కీమా మారే పని, కోటి వరుసలు దాటిన టేబుళ్లు రెండో మూడో ఉంటే నేను మళ్లీ పోస్ట్‌గ్రెస్‌కే వెళ్తాను. స్కీమా కుదురుగా ఉండి, చిన్న చిన్న కనెక్షన్లు వేలల్లో వచ్చిపడే చోట, మైఎస్‌క్యూఎల్ బాగా తెలిసిన మనిషి పక్కనుంటే, మారమని చెప్పడానికి నాకు నోరు రాదు. డేటాబేస్ చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి ఉన్న చోట నేనెప్పుడూ పనిచేయలేదు, కాబట్టి వాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు.

పోయిన నెలలో ఒక చిన్న పని మరియాడీబీ మీద చేయాల్సి వచ్చింది, అక్కడ అదే ఉంది కాబట్టి. టేబుల్‌లో ఒక కాలమ్ పీకేయాలి. అలవాటుకొద్దీ ముందు బిగిన్ కొట్టాను. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. ఎంటర్ మీద వేలు పెట్టాక గుర్తొచ్చి, వేలు తీసి, బ్యాకప్ తీసుకోవడానికి లేచాను.