“ఓడలో ఉన్నట్టు ఫీల్ వస్తుంది మేడం” అన్నవాళ్ళ డెస్క్ కొనకండి

దీవులు, ఓడలు, ఇత్తడి మూలలు అంటూ రీల్స్ మీద రీల్స్ వదులుతున్న ఆ చిన్న చెక్క రాతబల్ల మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. షాపు పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఆ డెస్క్ మీ కార్ట్‌లో ఉంటే ముందు తీసేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

కథ పెద్దగా లేదు. కిటికీ పక్కన పట్టే చిన్న డెస్క్ కోసం వెతుకుతున్నాను. వీళ్ళు “పందొమ్మిదో శతాబ్దంలో కరీబియన్ దీవులకు వెళ్ళిన ప్రయాణికుల డెస్క్ స్ఫూర్తితో, అసలైన క్యూబా మహాగనితో, చేత్తో చేసింది” అని రాశారు. డబ్బు నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తేనే ఆఫర్ రేటు అన్నారు, చేశాను. రేపు మాపు అంటూ సాగదీసి చివరికి పంపారు.

కాళ్ళు విడిగా వచ్చాయి. దానికి నాకేం అభ్యంతరం లేదు, ఆ రకం సామాను గొప్పతనమే అది. బ్రిటిష్ సైనికాధికారులు దూరదేశాలకు వెంట తీసుకెళ్ళిన క్యాంపెయిన్ ఫర్నిచర్‌లో చాలావాటికి కాళ్ళు మర తిప్పితే ఊడొస్తాయి, బల్లంతా పెట్టెలో సర్దేయొచ్చు. మూలలకు ఇత్తడి బిగించింది ఒక్క అందం కోసమే కాదు, ఎక్కించి దించేటప్పుడు దెబ్బ తగిలినా చెక్క పగలకూడదని. సొరుగుల పిడులు కూడా చెక్కలోకి దిగి ఉంటాయి, పక్క సామానుకు తగిలి విరగకుండా. ఇదంతా చదివి మురిసిపోయే కదా నేను డబ్బు పంపింది!

మూడు కాళ్ళు బాగానే ఎక్కాయి. నాలుగోది బిగిస్తుంటే టక్‌మని శబ్దం వచ్చింది. కాలు, దాన్ని పట్టి ఉంచాల్సిన ఇనుప బుష్షు, రెండూ కలిసి నా చేతిలోకి వచ్చేశాయి. ఆ రంధ్రంలో వేలు పెట్టి గీకితే గోధుమరంగు పొడి రాలుతోంది. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అది. పైన అతికించింది చెక్క చారల బొమ్మ అచ్చు వేసిన కాగితం. అప్పుడు సొరుగుల వైపు చూశాను. రెండింటి మీదా అదే ముడి, అదే చోట, అదే వంకర. కవల చెట్లు కాబోలు! ఫ్రిజ్ మీద ఉన్న అయస్కాంతం తెచ్చి ఆ ఇత్తడి మూలకు ఆనించాను, ఎంచక్కా అతుక్కుపోయింది. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. ఇనుప రేకుకు పసుపు పూత వేసి పంపారన్నమాట.

సరే, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయని ఫోన్ చేశాను. ఎత్తినాయన గొంతులో ఎంత తేనె! “చెప్పండి మేడం, డెస్క్ ఎలా ఉంది?”

కాలు ఊడొచ్చిందండీ, మిగతా మూడూ కూడా ఊగుతున్నాయండీ అన్నాను.

ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అన్నాడు, “ప్రయాణాల డెస్క్ కదా మేడం, కొంచెం ఊగితేనే ఓడలో ఉన్నట్టు ఫీల్ వస్తుంది.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీకర్‌లో పెట్టుకుని వింటున్నారు మరి! బోర్డు పోతే పోయింది, డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. ఆ ఆఫీసులో ఇలాంటి ఫోన్లు రోజూ వస్తాయని, ఆ జోకు వాళ్ళకి పాతబడిందని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. ఇంత జరిగినా నేను “అండీ, అండీ” అంటూనే ఉన్నాను చూడండి, నా మర్యాద తగలెయ్య.

క్యూబా మహాగని అన్నారు కదా, దాని కాగితాలేవి అని అడిగాను. ఇది ఊరికే అడగలేదు. 1721లో బ్రిటన్ తన అమెరికా వలసల కలప మీద దిగుమతి సుంకం ఎత్తేశాక జమైకా లాంటి కరీబియన్ దీవుల నుంచి ఇదే జాతి మహాగని ఓడలకొద్దీ తరలిపోయింది. నరికి నరికి ఆ చెట్టుకు ఏ గతి పట్టించారంటే, 1992లో దాన్ని సైట్స్ ఒప్పందం (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) రెండో జాబితాలో చేర్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ కలప దేశం దాటాలంటే పర్మిట్ కావాలి. నిజంగా అక్కడి నుంచి తెప్పించినవాడి దగ్గర కాగితం ఉండి తీరాలి. ఈయన ఏమన్నాడో తెలుసా? “అది కలర్ మేడం, కలప కాదు.” మరి “అసలైన” అన్న మాట దేనికి రాశారయ్యా అంటే జవాబు లేదు.

రిటర్న్ సంగతి ఇంకా ఘోరం. కాళ్ళు బిగిస్తే వాడిన వస్తువు కింద లెక్కట, వెనక్కి తీసుకోరట. బిగించకుండా లోపల పొట్టు ఉందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? ఆ ముక్క అడిగితే “పాలసీ మేడం” అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే నా నంబర్ బ్లాక్. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టడానికైనా ఉండేది. నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తేనే ఆఫర్ అని ఎందుకన్నారో ఇప్పుడర్థమైంది.

ఎవరి దగ్గరైనా ఇలాంటి డెస్క్ కొనేముందు బల్ల అడుగుభాగం, సొరుగు పక్కలు, వెనకవైపు ఫోటోలు అడగండి. అసలు చెక్కైతే పైన కనిపించే చారలు అంచు దగ్గర తెగిపోకుండా కిందికి సాగుతాయి. అయస్కాంతం అంటుకోనంత మాత్రాన ఇత్తడే అని కూడా నమ్మకండి, జింక్ మిశ్రమానికీ అంటుకోదు. పెట్టె విప్పడం దగ్గర్నుంచి కాళ్ళు బిగించేదాకా వీడియో తీయండి.

అన్నిటికన్నా ముందు కలప పేరు బిల్లులో రాయించుకోండి. నాకిచ్చిన బిల్లు ఇప్పుడే తీసి చూశాను. “డెకరేటివ్ టేబుల్, బ్రౌన్” అని ఉంది, అంతే.