'బదులు మనిషి' హామీ: మా ఇంటి అనుభవం

ఇంటికి సహాయకులను పంపే సంస్థల రసీదు మీద ఒక మాట తప్పకుండా ఉంటుంది: 'మనిషి సెలవు పెడితే 24 గంటల్లో బదులు మనిషి.' నేను రాస్తున్నది ఆ ఒక్క మాట గురించే. ధరలు, పని గంటలు, భోజనం ఎవరు పెట్టాలి అన్నవి ఈ సేవ వాడేవాళ్లందరికీ తెలుసు. కాకినాడలోని ఒక సంస్థ నుంచి మేము చాలాకాలంగా మనిషిని పెట్టుకుంటున్నాం. ఆ హామీ మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

బైకు ప్రమాదంలో మా తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. భుజాలు, మోచేతులు కొంత కదులుతాయి. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు. మూత్రానికి గొట్టం, మంచం పక్కన సంచి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మాట, తెలివి, పట్టుదల మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. తన ఒంటి సంగతి డాక్టరుకు కూడా తనే చెబుతాడు. నేను అంబాజీపేట వైపు ఒక బడిలో టీచర్ని. అమ్మకు మోకాళ్ల నొప్పులు. తమ్ముణ్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టగల మగమనిషి ఇంట్లో లేడు.

సంస్థ మొదట పంపిన అబ్బాయి రంపచోడవరం మన్యం నుంచి వచ్చాడు. రోజూ పొద్దున్నే టార్చిలైటు వేసి నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూసేవాడు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టేవాడు. అతను ఉన్నంతకాలం తమ్ముడికి ఒక్క పుండు పడలేదు. అప్పట్లో ఎవరు అడిగినా ఈ సంస్థ పేరే చెప్పేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ మెప్పులో చాలాభాగం ఆ అబ్బాయి చేతులకు చెందాల్సింది. సంస్థ చేసిందల్లా అతణ్ని మా గుమ్మం దాకా పంపడం, నెల మొదట్లో డబ్బు తీసుకోవడం.

సంక్రాంతికి ఊరు వెళ్తానని అతను నెల ముందే చెప్పాడు. వెళ్లాలి కూడా. ఏడాది పొడుగునా మన మనిషిని చూసుకున్నవాడికి తన వాళ్లతో పండగ చేసుకోవాలని ఉండదా? భోగికి ముందురోజే బదులు మనిషి వస్తాడని సంస్థవాళ్లు గట్టిగా చెప్పారు. అతను వచ్చింది సంక్రాంతి నాటి రాత్రి. ఈలోపు పక్కింటి బాబాయిగారు, నేను కలిసి రాత్రులు మేలుకొని పక్క మార్చాం. వచ్చినవాడు ఇరవై దాటని కుర్రాడు. అంతకుముందు పనిచేసింది రొయ్యల చెరువు మీద, మేత వేయడం, రాత్రి కాపలా కాయడం. 'పెద్దాయన ఉన్నారు, అన్నం తినిపించి తోడుగా ఉండాలి' అని చెప్పి పంపారట.

మర్నాడు కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంటే ఊళ్లనుంచి దేవుళ్లను ఎత్తైన ప్రభల మీద తెచ్చే జాతర. గంగలకుర్రు ప్రభలను భుజాల మీద కౌశిక నది దాటించే వేళకు మా చుట్టుపక్కల దారులన్నీ జనంతో నిండిపోతాయి, ఆటో కూడా కదలదు. ఇంట్లో చుట్టాలు. నేను వంటింట్లో ఉన్నాను. కుర్రాడు తమ్ముణ్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టాడు. గొట్టం తొడ కింద పడి మడత పడింది. కాసేపటికి తమ్ముడు తల పగిలిపోతోందన్నాడు. మొహం ఎర్రబడి, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. జ్వరం వస్తోందనుకుని ఆ కుర్రాడు దిండు తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పాడు.

నేను వెళ్లేసరికి తమ్ముడు పళ్లు బిగబట్టి ఒకటే మాట అంటున్నాడు: "అక్కా, తల పైకి లేపు. సంచి చూడు." సంచి ఖాళీగా ఉంది. ఇంట్లో ఉన్న యంత్రంతో బీపీ చూశాను. మామూలుగా తమ్ముడికి పై అంకె 100 దాటదు. అప్పుడు 190 చూపించింది. కుర్రాడూ నేనూ కలిసి లేపి కూర్చోబెట్టాం, నడుము దగ్గరి నాడా వదులు చేశాం, తొడ కింద నుంచి గొట్టం లాగి మడత విప్పాం. సంచి నిండడం మొదలైంది. అది నిండుతున్నకొద్దీ అంకె దిగింది.

దీన్ని డాక్టర్లు ఆటోనోమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. వెన్నుపాము ఛాతీ మధ్యకు పైన దెబ్బతిన్నవాళ్లకు వస్తుంది. కింద మూత్రాశయం నిండి ఉబ్బినా, మలబద్ధకం ఉన్నా, ఎక్కడైనా ఒరిపిడి తగిలినా ఆ బాధ మెదడుకు చేరదు, కానీ రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. సకాలంలో కారణం తీసేయకపోతే మెదడులో రక్తస్రావం కావచ్చు. వెంటనే చేయాల్సింది తల ఎత్తి కూర్చోబెట్టడం, గొట్టం చూడడం. పడుకోబెడితే రక్తపోటు ఇంకా పెరుగుతుంది. దారులన్నీ మూసుకుపోయిన ఆ రోజు తమ్ముడికి మాట లేకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి.

సంస్థకు ఫోను చేశాను. "పండగ కదా మేడమ్, మనుషులు దొరకరు. అయినా మీకు బదులు మనిషిని పంపాం కదా" అన్నారు. ఆ జవాబే నన్ను కాల్చేసింది. వాళ్ల హామీ తలల లెక్క. వచ్చినవాడికి ఏమి తెలుసు, ఎవరు చెప్పారు అన్నది అందులో లేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని "అన్నయ్యా, మొత్తం మళ్లీ చెప్పు" అని అడిగాడు. తమ్ముడు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాడు. పాత అబ్బాయి పండగ తర్వాత తిరిగి రాలేదు, కాబట్టి ఈ కుర్రాడే ఉండిపోయాడు. ఎండాకాలం వచ్చేసరికి తమ్ముడి మొహం చూసి సంచి సంగతి పసిగట్టేంత నేర్చుకున్నాడు. అంతలో సంస్థవాళ్లు అతణ్ని రాజమహేంద్రవరంలో ఇంకో ఇంటికి మార్చేశారు. ఏ శిక్షణా ఇవ్వకుండా మా దగ్గరికి పంపి, మంచం మీది నుంచి మా తమ్ముడు పని నేర్పాక, 'అనుభవం ఉన్న మనిషి' అని మరొకరికి పంపారు. ఈ సంగతి తలచుకుంటే నాకు కనుమ నాటి దానికన్నా ఎక్కువ మండుతుంది.

ఆ తర్వాత నేను ఒకటే అడిగాను. మనిషి మారేటప్పుడు పాతవాడూ కొత్తవాడూ ఒక రోజు కలిసి ఉండాలి, ఆ రోజుకు ఇద్దరి డబ్బూ నేనే కడతాను అని. ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గర పనిచేసి మానేసిన ఒకాయన తర్వాత కారణం చెప్పాడు: ఇద్దరు కలిస్తే జీతాల మాట వస్తుంది, మేము కట్టేదెంత, వాళ్ల చేతికి అందేదెంత అని లెక్క తేలుతుంది. అందుకే పాతవాడు పొద్దున వెళ్తే కొత్తవాడు సాయంత్రం వస్తాడు.

కాపలాదారులను పంపే ప్రైవేటు సంస్థలకు 2005 నాటి చట్టం ఉంది. లైసెన్సు ఉండాలి, మనిషి పూర్వాపరాలు చూడాలి, శిక్షణ ఇవ్వాలి. ఒక మనిషి ప్రాణం చేతిలో పెట్టడానికి మా ఇంటికి సహాయకుణ్ని పంపిన సంస్థ నాకు చూపించింది విజిటింగ్ కార్డు, రసీదు పుస్తకం. 2024 జూలైలో మంచానికే పరిమితమైనవాళ్ల పింఛను నెలకు 15,000 రూపాయలు అయినప్పుడు మాత్రం ఆ సంగతి వాళ్లకు వెంటనే తెలిసింది. వచ్చే నెల నుంచి రేటు పెరుగుతుందని ఫోను వచ్చింది.

మనుషుల కొరత నిజమే, అది కాదనను. ఈ పని ఓపికగా చేయగల మా కోనసీమ ఆడవాళ్లు ఎందరో కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో చేస్తున్నారు. మగవాళ్లకు రొయ్యల చెరువుల మీద పని దొరుకుతుంది. ఇక్కడికి రైలు లేదు, కాకినాడ నుంచి వచ్చేవాళ్లు ఎదుర్లంక వంతెన మీదుగా బస్సులో రావాలి. ఇవన్నీ ముందే తెలిసిన సంస్థ 24 గంటలని ఎందుకు అచ్చు వేయాలి?

మీ ఇంట్లో ఉన్నది లేచి నడవగలిగిన పెద్దవాళ్లయితే, పగలు తోడు చాలనుకుంటే, ఈ సంస్థ మీకు సరిపోవచ్చు. మా సహోద్యోగిని వాళ్ల అత్తగారికి పెట్టుకున్నారు, ఆమెకు ఇబ్బంది రాలేదు. గొట్టం, పక్క మార్చడం ఉన్న మనిషికైతే నేను పెట్టుకోమని చెప్పలేను, మానమనీ చెప్పలేను, మేమే పూర్తిగా మానలేకపోయాం. ఇప్పుడు వేసవి సెలవులు కాబట్టి నేను ఇంట్లో ఉన్నాను. మా వీధిలో కొబ్బరి దింపు పనికి వెళ్లే ఒకతను సాయంత్రాలు వస్తున్నాడు, తమ్ముడు అతనికి పని నేర్పుతున్నాడు. నెల జీతానికి ఒప్పుకుంటే సంస్థకు కట్టడం ఆపేస్తాం. ఒప్పుకోకపోతే జూన్‌లో బడి తెరిచేలోగా మళ్లీ వాళ్లకే ఫోను చేయాలి.