మూడు దుకాణాలు, ఒక సైకిల్

నెల రోజుల్లో మూడు దుకాణాలు తిరిగి 11 సైకిళ్లు తొక్కి చూశాను. కొన్నది ఒకటే. అదీ మొదటిరోజే "మొద్దుబండి" అని తేల్చేసి వచ్చిన మోడల్.

నా సంగతి ముందు చెప్పాలి. వయసు 46, ఎత్తు 172 సెంటీమీటర్లు. 20 ఏళ్లుగా సైకిల్ ముట్టలేదు. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు గొణుగుతుంది. ఆఫీసుకు రానూపోనూ 12 కిలోమీటర్లు, ఆదివారం ఇంకొంచెం. అందుకే సన్నటి టైర్ల రేసు సైకిలూ, రాళ్లగుట్టలెక్కే మౌంటెన్ బైకూ వదిలేసి, రెంటికీ మధ్యరకమైన హైబ్రిడ్ వెతుక్కున్నాను.

మొదటి దుకాణం పెద్దది. గోడలకు కూడా సైకిళ్లు వేలాడుతున్నాయి. కుర్రాడు మర్యాదస్తుడే కానీ, ఏది చూపించినా "చాలా బాగుంటుందండీ" అనే ఒక్క మాటే. తొక్కి చూస్తానంటే రెండు వరుసల మధ్య సందు చూపించాడు. పట్టుబడితే వీధి మలుపు దాకా ఒప్పుకున్నాడు. సీటు ఎంత కిందికి ఉందంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయేమోనని భయపడ్డాను. కాస్త లేపమంటే "కొన్నాక బిగిస్తామండీ" అన్నాడు. చొక్కా కొన్నాకే తొడుక్కుని చూడమన్నట్టుంది! మలుపు దాకా వెళ్లి వచ్చేసరికి తొడలు పట్టేశాయి, మోకాలు కలుక్కుమంది. అప్పుడు నేను తిట్టుకున్నది దుకాణాన్ని కాదు, సైకిల్‌ను.

రెండో దుకాణంలో గుర్తింపు కార్డు ఉంచుకుని అరగంట తిరిగి రమ్మన్నారు. సంబరపడ్డాను. చిక్కు సైజు దగ్గర వచ్చింది. నాకు సరిపోయే మీడియం స్టాకులో లేదు, లార్జ్ ఉంది. ఉన్నదాన్నే నాకు అంటగట్టాలని వాళ్ల తాపత్రయం. సీటు దించి ఇస్తే ఎత్తు కుదిరింది. హ్యాండిల్ మాత్రం అందీ అందనట్టుంది. పది నిమిషాలకే అరచేతులు తిమ్మిరెక్కి, మెడ పట్టేసింది. చెబితే "అలవాటైపోతుంది సార్" అన్నారు. సీటు ఎత్తు మార్చుకోవచ్చు, ఫ్రేము పొడవు మార్చలేం. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయేమో, అంతే. అక్కడే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో స్ప్రింగులున్న సైకిల్‌ను తెగ పొగిడారు. నున్నటి రోడ్డు మీద ఆ చవకరకం స్ప్రింగులు బరువు చేటు. నిలబడి తొక్కితే సైకిల్ ముందుకు పోవడం మాని ఊయల ఊగుతుంది.

మూడోది ఇరుకు దుకాణం. నడిపేది ఒక పెద్దాయన, మెకానిక్కూ ఆయనే. ముందున్న వాళ్ల పని అయ్యేదాకా 40 నిమిషాలు నిలబెట్టారు. విసుగు దాచుకోలేకపోయాను. నా వంతు వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కడ తొక్కుతారు, ఎంతసేపు తొక్కుతారు?"

ఒక సైకిల్ తీసి, గేజీ ఉన్న పంపు తగిలించారు. ముల్లు 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఆగింది. టైరు పక్కన అచ్చేసి ఉన్న అంకెలు చూపించారు: 50 నుంచి 75. రెండు చక్రాలకూ 60 దాకా కొట్టారు. గోడ పట్టుకుని ఎక్కమని, పెడల్ అడుగుకు తెచ్చి దాని మీద మడమ ఆనించమన్నారు. కాలు తిన్నగా చాచినట్టయ్యేదాకా సీటు లేపుతూ పోయారు. నాలుగు వేళ్ల మందం లేచింది. తర్వాత పాదం ముందుభాగం పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగింది. దిగి, ఫ్రేముకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడమన్నారు. పై గొట్టానికీ నాకూ మధ్య మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉందని చూసుకున్నాకే తాళం నా చేతికిచ్చారు. "పావుగంట లోపు వస్తే మళ్లీ పంపిస్తాను" అన్నారు.

ఎత్తు ఉన్న దారి ఎంచుకున్నాను. చదును రోడ్డు మీద అన్ని సైకిళ్లూ మంచివే. బరువు పడినప్పుడు గేర్లు మారుతున్నాయా, దిగేటప్పుడు రెండు చేతులతో బ్రేకు నొక్కితే తిన్నగా ఆగుతోందా, గుంతలో పడితే ఏదైనా గలగలమంటోందా చూశాను. మధ్య గేరులో చైను ఒకసారి టకటకమంది. తిరిగొచ్చి చెబితే కేబుల్ చివరనున్న చిన్న బిళ్లను అర చుట్టు తిప్పి మళ్లీ పంపారు. టకటక పోయింది. కొత్త కేబుల్ మొదటి వారాల్లో కొంచెం సాగినట్టు అవుతుందట, అందుకే మొదటి సర్వీసుకు తప్పక రమ్మన్నారు. డిస్క్ బ్రేకులు మెత్తగా ఉన్నాయంటే, కొత్త ప్యాడ్లు 20 సార్లు వేగం నుంచి నెమ్మదికి తెస్తేగానీ పట్టు చిక్కదని చెప్పారు. మూడో రోజుకు ఆ మాట నిజమైంది.

మోకాలు గొణగలేదు. సైకిల్ బాణంలా పోయిందనను, అంత వేగం నా కాళ్లలో లేదు. కానీ దిగబుద్ధి కాలేదు.

డబ్బు కట్టేటప్పుడు ఫ్రేము మీద పేరు సరిగ్గా చదివాను. మొదటి దుకాణంలో వద్దన్న మోడలే, అదే సైజు! రంగు వేరు కావడంతో పోల్చుకోలేదు. నాలుగు వేళ్ల సీటూ, టైర్లలో గాలీ కలిసి నాకు రెండు వేరువేరు సైకిళ్లు చూపించాయి.

లోపాలు లేవని కాదు. ఆ ఇరుకు దుకాణంలో ఎంచుకోవడానికి ఆరేడు మోడళ్లే ఉన్నాయి. సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడళ్లు వానలో జారుతున్నాయి, మార్చుకోవాలి. పెద్దాయనకు మాటలు ఎక్కువ. ఎడమ పెడల్ మర మాత్రం ఎందుకు ఎదురు దిశలో తిరుగుతుందో చెప్పడానికే ఐదు నిమిషాలు తీసుకున్నారు. తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండటానికట. సరే, ఇప్పుడు నేనూ నలుగురికీ చెబుతున్నాను.

మీరు చూసుకోవడానికి వెళ్తే రోజూ వేసుకునే బూట్లతో, మోసే సంచితో వెళ్లండి. రెండు సైకిళ్లు పోల్చాలంటే ముందు రెంటిలోనూ తగినంత గాలి కొట్టించండి. సీటు సరిచేయమంటే "తర్వాత" అనే చోట నేనైతే ఆగను. ఇంట్లోంచే ఆర్డరు పెడదామంటారా? మా సహోద్యోగి అలాగే తెప్పించి, ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించుకుని వారం తొక్కాడు.

నిన్న మొదటి సర్వీసుకు వెళ్లాను. ఆ మాటకారి పెద్దాయన పలకరింపు కూడా లేకుండా వంగి, వెనక టైరును బొటనవేలితో నొక్కి, నా వైపు చూశారు. పంపు నేనే అందుకున్నాను.