గ్రూప్ ఫోటోని అట్టతో సహా స్కాన్ చేసిచ్చిన విశాఖ డాబాగార్డెన్స్ షాపు

మా నాన్నగారి క్లాసు గ్రూప్ ఫోటో ఒకటి మా ఇంట్లో ఎనభై ఏళ్లుగా ఉంది. మందపాటి అట్టకి అంటించి, కింద వరసవారీగా పేర్లు అచ్చేసిన రకం. ఆంధ్రా యూనివర్సిటీకి వందేళ్లు వచ్చాయి కదా, ఆయన చదివిన డిపార్ట్‌మెంటుకి మంచి కాపీ ఒకటి ఇద్దామనుకున్నాను.

ముందు ఇంకోచోట ఇచ్చాను. వాళ్లు పేర్లున్న అట్టంతా వదిలేసి ఫోటో వరకే స్కాన్ చేసి, మొహాలన్నీ నున్నగా చేసిచ్చారు. చిన్నప్పుడు నూతి గిలక తగిలి నాన్నగారి ఎడమ కనుబొమ్మ మీద గాటు పడింది. అది మాయం. ఆ గాటు లేని మొహం మా నాన్నది కాదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను.

ఈ షాపు అబ్బాయి ఫోటో చూడగానే, "అమ్మా, అట్టతోనే తీద్దాం. వెనకవైపు కూడా తీయాలి," అన్నాడు. గ్లౌజులు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఫోటోని లైటు కింద కాస్త ఒంచాడు. అట్ట కుడి మూల సిరా లేని నొక్కుడు ముద్ర ఒకటి తేలింది. గుంటూరు స్టూడియోది! ఇన్నేళ్లూ అది మన విశాఖ వాల్తేరులో తీసిందే అనుకున్నాం. వెనకాల పెన్సిల్‌తో 1944 అని ఉంది. 1942లో యుద్ధం వల్ల యూనివర్సిటీని గుంటూరు తరలించారని నాన్నగారు చెప్పేవారు. బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరి, మళ్లీ గుంటూరు వెళ్లొచ్చిన యూనివర్సిటీ అది. ఏ ఫోటో ఏ ఊళ్లో తీశారో చెప్పే ఆధారం అట్ట మూలన ఉంటే, అట్ట పారేస్తే ఎలా? స్కానర్‌లో ఆ ముద్ర సరిగా పడదని, పక్కనుంచి లైటు పెట్టి కెమెరాతో విడిగా తీశాడు.

600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో), ఏమీ దిద్దని టిఫ్ ఫైలు (నాణ్యత తగ్గకుండా దాచుకునే రకం) ఒకటి, మరకలు తీసింది ఒకటి, వాట్సాప్‌లో పంపుకోడానికి చిన్నది ఒకటి ఇచ్చాడు. అన్నిటికీ కలిపి 250 రూపాయలు. ఒరిజినల్‌ని లామినేషన్ చేయించొద్దనీ, మన సముద్రగాలికి ప్లాస్టిక్ కవర్లో చెమ్మ చేరి అంటుకుపోతుందనీ చెప్పి, కాగితం కవర్లో పెట్టిచ్చాడు.

నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది, నేనే ఫోన్లు చేయాల్సి వచ్చింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు పిల్లల్ని పంపండి.

రెండో వరసలో ఎడమనుంచి మూడో ఆయన పేరుని పురుగు తినేసింది. స్కాన్ ఎంత పెద్దది చేసి చూసినా చివర 'మూర్తి' ఒక్కటే చదవగలిగాం. ఊహించి నింపొద్దమ్మా అన్నాడు. డిపార్ట్‌మెంటుకిచ్చిన కాపీలో అక్కడ చుక్కలే పెట్టాను. మీ ఇంట్లో తాతగారి అట్టల మధ్య ఇదే ఫోటో ఉంటే, ఆ పేరొక్కటి చూసి చెప్పండి.