క్రేన్ బీచ్, కాక్స్, రేవెన్స్‌వుడ్: అమ్మానాన్నలతో బోస్టన్ ఉత్తర తీరం

బోస్టన్ నుంచి ఉత్తరానికి కారులో గంట వెళ్తే సముద్రం పక్కన వేల ఎకరాల ఉప్పునీటి చిత్తడి నేల వస్తుంది. గ్రేట్ మార్ష్ అంటారు. జూన్ చివర్లో, కాకినాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అటు వెళ్లాం. "ఇదంతా గవర్నమెంటు భూమేనా?" అన్నారు నాన్న. కొంత అవును. మేం తిరిగిన మూడూ మాత్రం భూముల్ని కాపాడే ప్రైవేటు ట్రస్టులవి.

జనం ఎక్కువగా వెళ్లేది ఇప్స్‌విచ్‌లోని క్రేన్ ఎస్టేట్‌కి. కొళాయిలు, బాత్రూం సామాన్ల వ్యాపారంలో గడించిన షికాగో కుటుంబం 1910లో కొన్న చోటు. ఇప్పుడు 'ది ట్రస్టీస్' చేతిలో ఉంది. చార్లెస్ ఇలియట్ చొరవతో 1891లో పుట్టిన ఈ సంస్థను చూసే, 1895లో బ్రిటన్‌లో నేషనల్ ట్రస్ట్ పెట్టుకున్నారు. గుట్ట మీది 59 గదుల బంగళా ఫొటోలకి బాగుంటుంది, అంతే. బీచ్ మాత్రం అద్భుతం. పైపింగ్ ప్లోవర్ పిట్టలు ఇసుకలోనే గుడ్లు పెడతాయి కాబట్టి ఆ మేరకు కంచె కడతారు, అటు వెళ్లనివ్వరు. వేసవిలో పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. రేటు గట్టిదే, కానీ భూమి చేతికొచ్చాక దాన్ని కాపాడడానికి ఏటా ఖర్చుంటుంది. నేనైతే గొణగను. జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం వెళ్లకండి. గ్రీన్‌హెడ్ అనే జోరీగలు రక్తం వచ్చేలా కుడతాయి. చిత్తడిలో కనిపించే నల్ల పెట్టెలు వాటికి పెట్టిన బోనులే.

నా ఓటు ఎసెక్స్‌లోని కాక్స్ రిజర్వేషన్‌కి. అమెరికా క్యాపిటల్ భవనంలో కుడ్యచిత్రాలు వేసిన అలిన్ కాక్స్ స్థలం. గ్రీన్‌బెల్ట్ అనే స్థానిక ట్రస్టు చూసుకుంటుంది, టికెట్ లేదు. పొలం, కాస్త అడవి దాటితే ఏటి ఒడ్డున చిత్తడి. పెద్దవాళ్లు తేలిగ్గా నడవగలరు. పోటు ఎప్పుడో చూసుకుని వెళ్లండి. ఆటు సమయంలో కాలువల్లో బురదే కనిపిస్తుంది, పోటుకి గడ్డి మొదళ్ల దాకా నీళ్లొస్తాయి. కోరింగ మడ అడవులు చూసిన నాన్నకి ఇక్కడ చెట్లు లేకపోవడం వింతగా అనిపించింది. మడ చెట్లు ఈ మంచుకి బతకవు. అలల్ని ఆపడం, చేపపిల్లలకి చోటివ్వడం ఇక్కడ స్పార్టినా గడ్డి పని.

గ్లాస్టర్‌లోని రేవెన్స్‌వుడ్ కూడా ట్రస్టీస్‌దే, కానీ పూర్తిగా అడవి. మన సంపంగికి చుట్టమైన స్వీట్‌బే మాగ్నోలియా సహజంగా పెరిగే ఉత్తరపు అంచు ఇది. అది ఉన్న చిత్తడి మీదుగా చెక్క బాట వేశారు. మిగతా దారిలో రాళ్లు, వేర్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సగంలోనే ఆగిపోయింది. దోమల మందు తప్పనిసరి.

రాత్రికి దగ్గర్లోని ఒక మోటెల్‌లో దిగాం. వారాంతమని రేటు రెట్టింపు, ఏసీ మోత ఉచితం! బోస్టన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి రూము దండగ, పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఎసెక్స్‌లో తినడానికి పేరున్నది వేయించిన ఆల్చిప్పలు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి, దొరికేది దాదాపు ఫ్రెంచ్ ఫ్రైసే.